రెండు టర్బైన్ల నడుమ దారి – గాలి గోడను ఎందుకు వదిలేస్తుంది?

 

ఈసారి గోడపత్రికలో సైన్సు మూల నా వంతు. విమానం గురించి రాయమని చాలామంది అడిగారు. విమానం అంటే అందరూ రెక్కల గురించే రాస్తారు. నేను ఇంజను లోపల ఉండే ఒక దారి గురించి రాస్తున్నాను. ఆ దారిలో తిరిగే చక్రం ఏదీ లేదు. మంట లేదు. రెండు గోడలు, వాటి మధ్య పోయే వేడిగాలి, అంతే. అయినా ఇంజనీర్లు దాని మీద ఏళ్ల తరబడి పని చేస్తున్నారు. ఎందుకో చూద్దాం.

ముందుగా మనం కంఠతా పట్టే ఒక మాట గుర్తు తెచ్చుకోండి. గొట్టం ఇరుకైతే గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. గొట్టం వెడల్పైతే వేగం తగ్గి పీడనం పెరుగుతుంది. వేగానికి, పీడనానికి ఉన్న ఈ సంబంధాన్ని డేనియల్ బెర్నౌలీ అనే శాస్త్రవేత్త 1738లో అచ్చయిన తన పుస్తకంలో చెప్పాడు. ధ్వని కన్నా తక్కువ వేగంతో పోయే గాలికి ఇది నిజమే. కానీ దీనికి ఒక షరతు ఉంది. గాలి గోడను పట్టుకుని నడిచినంతవరకే గొట్టం వెడల్పు గాలికి లెక్క. గాలి గోడను వదిలేస్తే గొట్టం ఎంత వెడల్పుగా ఉన్నా ఉపయోగం లేదు. ఈ పాఠం మొత్తం ఆ షరతు గురించే.

1. జెట్ ఇంజను ఎలా పని చేస్తుంది?

ముందు నుంచి వెనక్కి వరసగా చెప్తాను. ముందర పెద్ద ఫ్యాను ఉంటుంది. దాని వెనుక కంప్రెసరు. అది గాలిని నొక్కి నొక్కి చిన్న చోటులో ఇరికిస్తుంది. తర్వాత దహన గది. అక్కడ కిరోసిన్ లాంటి ఇంధనం మండుతుంది. మండిన గాలి బాగా వేడెక్కి వెనక్కి తన్నుకొస్తుంది. వచ్చేదారిలో టర్బైను రెక్కల మీద పడి వాటిని తిప్పుతుంది. గాలిమర తిరిగినట్టే అనుకోండి.

టర్బైను తిరిగితే ఏమవుతుంది? దానికి ఇరుసు ఉంది. ఆ ఇరుసు ముందుకు పోయి కంప్రెసరును, ఫ్యానును తిప్పుతుంది. అంటే వెనక ఉన్నది ముందున్నదాన్ని నడిపిస్తుంది.

పెద్ద విమానాల ఇంజన్లలో ఎక్కువగా రెండు ఇరుసులు ఉంటాయి. లావు వెదురు గొట్టంలో సన్న వెదురు దూర్చినట్టు ఒకదానిలో ఒకటి ఉంటాయి. బయటి ఇరుసును మొదటి టర్బైను తిప్పుతుంది. దీన్ని అధిక పీడన టర్బైను అంటారు. ఇది వెనక కంప్రెసరు కోసం. లోపలి ఇరుసును రెండో టర్బైను తిప్పుతుంది. దీన్ని అల్ప పీడన టర్బైను అంటారు. ఇది ముందున్న ఫ్యాను కోసం. ఈ రెండు టర్బైన్లను కలిపే దారే మన పాఠం.

2. ఒకటి జోరు, ఒకటి నిదానం

నిజమైన ఇంజను ఒకటి తీసుకుందాం. దాని పేరు జీఈ90-115బి. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తయారు చేసింది. 2004లో వాడుకలోకి వచ్చింది. బోయింగ్ 777-300ఈఆర్ విమానాలకు ఈ ఇంజన్లు రెండేసి ఉంటాయి. ఎయిర్ ఇండియా దగ్గర కూడా ఈ విమానాలు ఉన్నాయి.

ఈ ఇంజను ఫ్యాను అడ్డంగా సుమారు 3.25 మీటర్లు. మన తరగతి గది తలుపు కన్నా చాలా ఎత్తు. నూరు శాతం వేగంలో ఫ్యాను ఇరుసు నిమిషానికి 2,355 చుట్లు తిరుగుతుంది. రెండో ఇరుసు, అంటే కంప్రెసరుది, నిమిషానికి 9,332 చుట్లు తిరుగుతుంది. దాదాపు నాలుగింతలు!

ఎందుకింత తేడా? మనమే లెక్క వేద్దాం. ఫ్యాను రెక్క కొస ఒక చుట్టులో పోయే దూరం 3.14 × 3.25, అంటే సుమారు 10.2 మీటర్లు. సెకనుకు 2,355 ÷ 60, అంటే సుమారు 39 చుట్లు. గుణిస్తే సెకనుకు సుమారు 400 మీటర్లు. నేల మీద ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. అంటే రెక్క కొస అప్పటికే ధ్వనిని దాటేసింది. అదే ఫ్యాను 9,332 చుట్లు తిరిగితే కొస వేగం సెకనుకు సుమారు 1,590 మీటర్లు అవుతుంది. అంత వేగం ఫ్యానుకు పనికిరాదు. రెక్కలు తట్టుకోలేవు, గాలి కూడా సరిగా పోదు. కాబట్టి పెద్ద ఫ్యాను నిదానంగానే తిరగాలి.

ఫ్యాను నిదానమైతే అదే ఇరుసుకు ఉన్న అల్ప పీడన టర్బైను కూడా నిదానమే. ఇక్కడే చిక్కు వచ్చింది. టర్బైను రెక్క ఎంత వేగంగా కదిలితే గాలి నుంచి అంత ఎక్కువ పని రాబట్టగలదు. చుట్లు తగ్గిపోతే రెక్క వేగం ఎలా పెంచాలి?

జాతరలో రంగులరాట్నం ఎక్కినవాళ్లకు జవాబు తెలుసు. నడిమి గుంజ దగ్గర కూర్చున్న పిల్ల మెల్లగా పోతుంది. అంచున కూర్చున్న పిల్ల జోరుగా పోతుంది. చుట్లు ఇద్దరికీ ఒకటే. అలాగే టర్బైను రెక్కలను ఇరుసుకు దూరంగా పెడితే చుట్లు తక్కువైనా రెక్క వేగం పెరుగుతుంది. అందుకే అల్ప పీడన టర్బైను చక్రం పెద్దది. వరసలు కూడా ఎక్కువ. ఈ ఇంజనులో అధిక పీడన టర్బైనుకు 2 వరసలు, అల్ప పీడన టర్బైనుకు 6 వరసలు.

అంటే చిన్న చక్రం దాటి వచ్చిన వేడిగాలిని పెద్ద చక్రం దగ్గరికి ఎక్కించాలి. ఎక్కించేదే ఈ దారి.

3. దారి ఆకారం

రెండు డబ్బాలు ఒకదానిలో ఒకటి పెడితే మధ్యలో చుట్టూ సందు వస్తుంది కదా. ఈ దారి అలాంటి వలయం. లోపలి గోడ ఇరుసు వైపు, బయటి గోడ ఇంజను కవచం వైపు. పక్కన నేను గీసిన బొమ్మలో కోసి చూపించాను. గాలి ముందు తిన్నగా వస్తుంది. మొదటి మలుపులో ఇరుసుకు దూరంగా పైకి తిరుగుతుంది. రెండో మలుపులో మళ్లీ తిన్నగా అవుతుంది. పాము మెలికలాగా ఉంటుంది.

ఇంకో సంగతి. సందు ఎత్తు మారకపోయినా, వలయం పెద్దదైతే చోటు పెరుగుతుంది. ఉదాహరణకు సందు 10 సెంటీమీటర్లు, వలయం వ్యాసార్ధం 40 సెంటీమీటర్లు అనుకోండి. వైశాల్యం 2 × 3.14 × 40 × 10, అంటే 2,512 చదరపు సెంటీమీటర్లు. వ్యాసార్ధం 60 అయితే 3,768. ఒకటిన్నర రెట్లు అయింది. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు, ఏ ఇంజనువీ కావు. చోటు పెరిగింది కాబట్టి బెర్నౌలీ మాట ప్రకారం గాలి నెమ్మదించాలి, పీడనం పెరగాలి. అంటే గాలి తక్కువ పీడనం నుంచి ఎక్కువ పీడనం వైపు పోవాలి. ఇది గాలికి ఎగువ ఎక్కడం లాంటిది.

4. ఘాటు రోడ్డు మలుపులు

అనంతగిరి ఘాటులో బస్సు ఎడమకు తిరిగితే మనం కుడివైపు వాళ్ల మీద పడతాం. కుడికి తిరిగితే ఎడమ కిటికీకి ఒరుగుతాం. గాలి కూడా అంతే. మలుపు తిరిగేటప్పుడు మలుపు బయటి పక్క గోడను నొక్కుతుంది. అక్కడ పీడనం ఎక్కువ. మలుపు లోపలి పక్క పీడనం తక్కువ.

ఇప్పుడు బొమ్మ చూడండి. మొదటి మలుపులో గాలి పైకి తిరుగుతోంది. కాబట్టి కింది గోడను, అంటే ఇరుసు వైపు గోడను నొక్కుతుంది. కవచం వైపు గోడ దగ్గర పీడనం పడిపోతుంది. రెండో మలుపులో తారుమారు. గాలి కవచం గోడను నొక్కుతుంది. అక్కడ పీడనం పెరుగుతుంది.

కవచం గోడ పక్కన నడిచే గాలి సంగతి ఆలోచించండి. మొదటి మలుపులో తక్కువ పీడనం, కొంచెం దూరంలోనే రెండో మలుపులో ఎక్కువ పీడనం. దాని మీద దారి వెడల్పు అవడం వల్ల పెరిగే పీడనం కూడా ఉంది. అందరికన్నా నిటారు ఎగువ ఈ గాలికే వచ్చింది. లోపలి గోడ పక్క గాలికి రెండో మలుపు దాకా అంత కష్టం లేదు. రెండో మలుపు దాటాక కొంత ఎగువ వస్తుంది.

5. గోడ పక్కన నీరసం పొర

గాలి గోడను ఆనుకుని పోయేటప్పుడు రాపిడి వల్ల దాని వేగం పోతుంది. గోడకు సరిగ్గా అంటుకున్న గాలి కదలనే కదలదు. గోడ నుంచి దూరం పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. ఈ పలచని పొరను సరిహద్దు పొర అంటారు. దీన్ని లుడ్విగ్ ప్రాంట్ల్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1904లో హైడెల్బర్గులో జరిగిన గణిత మహాసభలో వివరించాడు.

నడిమి గాలికి ఊపు ఉంది. ఎగువ వచ్చినా ఎక్కేస్తుంది. గోడ పక్క గాలికి ఊపు లేదు. రెండు సైకిళ్లు ఒకే మిట్ట ఎక్కుతున్నాయి అనుకోండి. పల్లంలోంచి జోరుగా వచ్చిన సైకిలు పైకి పోతుంది. నిదానంగా వచ్చిన సైకిలు సగంలో ఆగి వెనక్కి జారుతుంది. గోడ పక్క గాలి కూడా సగంలో ఆగిపోతుంది. ఇంకా ఎగువ ఉంటే వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగిన గాలి అక్కడే సుడి తిరుగుతూ ఉంటుంది. మిగిలిన గాలి ఆ సుడి మీదుగా, గోడను వదిలేసి పోతుంది. దీన్నే ప్రవాహం గోడను విడవడం అంటారు.

ఇది మన గెడ్డలో కూడా కనిపిస్తుంది. కల్వర్టు ఇరుకులోంచి నీరు బయటపడి ఒక్కసారిగా గెడ్డ వెడల్పు అయ్యే చోట చూడండి. నడిమి నీరు బాణంలా తిన్నగా పోతుంది. రెండు పక్కలా ఆకులు ముందుకు పోకుండా గుండ్రంగా తిరిగి కల్వర్టు వైపు వెనక్కి వస్తాయి. ఈ పాఠం రాసే ముందు సెలవుల్లో మా అయ్యకు ఈ సంగతి చెప్పాను. మా అయ్య బడికి పోలేదు. "ఆ తిరుగుడు అంచునే నేను బుట్ట పెడతాను. చేప అక్కడ ఆగి సేద తీరుతుంది" అన్నాడు. ప్రాంట్ల్ పేరు ఆయనకు తెలీదు. నీరు గట్టును ఎక్కడ వదులుతుందో మాత్రం అడుగు లెక్కన తెలుసు. సైన్సు పుస్తకంలో ఉన్నది మన గెడ్డలో లేనిది కాదని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది.

6. విడిపోతే నష్టం ఏమిటి?

గెడ్డ వెడల్పు పది అడుగులే కావచ్చు. రెండు పక్కలా సుడులు ఆక్రమిస్తే నీరు నడిచే వెడల్పు నాలుగు అడుగులే. అంటే నీరు నెమ్మదించలేదు. ఇంజను దారిలో కూడా ఇంతే. సుడి చోటు మింగేస్తుంది. గాలి నెమ్మదించదు, పీడనం అనుకున్నంత పెరగదు. సుడిలో తిరిగిన శక్తి వేడిగా మారిపోతుంది. ఆ శక్తితో టర్బైను తిరగదు.

పైగా అల్ప పీడన టర్బైను రెక్కల మీద గాలి సమంగా పడదు. కొన్నిచోట్ల జోరుగా, కొన్నిచోట్ల నీరసంగా, వంకర కోణంలో పడుతుంది. టర్బైను పని తగ్గితే ఫ్యానుకు అందే బలం తగ్గుతుంది. అంతే బలం కావాలంటే ఇంధనం ఎక్కువ పోయాలి. ఇంధనం ఎక్కువ మండితే ఖర్చు, పొగ రెండూ ఎక్కువే. గంటల తరబడి ఎగిరే విమానానికి ఇది చిన్న సంగతి కాదు.

7. మరి దారిని పొడుగ్గా కడితే పోలా?

ఈ ప్రశ్న మన తరగతిలో ఇద్దరు ముగ్గురు అడిగారు. మంచి ప్రశ్న. దారి పొడుగైతే ఎగువ మెల్లగా వస్తుంది. గాలి గోడను వదలదు. తిన్నగా ఉండే గొట్టాన్ని శంకువులా వెడల్పు చేయాలంటే మొత్తం కోణం సుమారు 7 డిగ్రీలు ఉంటే బాగుంటుందని ప్రయోగాల్లో తేలింది. కోణమానినితో 7 డిగ్రీలు గీసి చూడండి. ఎంత సన్నగా ఉందో!

కానీ పొడుగు దారికి కూడా నష్టాలున్నాయి. లోహం బరువు పెరుగుతుంది. లోపలి ఇరుసు పొడుగు చేయాలి. గోడ ఎక్కువైతే రాపిడి కూడా ఎక్కువ. ఇక్కడి గాలి కొలిమిలో ఇనుము ఎర్రబడేంత వేడి. అందుకని ఆ గోడలకు మామూలు లోహం పనికిరాదు, ఖరీదైనది కావాలి. విమానంలో ప్రతి కిలో బరువునూ ఇంధనం పోసి మొయ్యాలి. అందుకే ఇంజనీర్ల పని కత్తి మీద సాము. పొట్టిగా ఉండాలి, గాలి మాత్రం గోడను వదలకూడదు.

ఇంకా కొన్ని చిక్కులున్నాయి. ముందు టర్బైను నుంచి వచ్చే గాలి నున్నగా ఉండదు. ప్రతి రెక్క వెనుకా పడవ వెనక నీటిలో వచ్చే చాలులాంటిది వస్తుంది. రెక్క కొసకు, కవచానికి మధ్య సన్న సందు ఉంటుంది. అందులోంచి కొంత గాలి తప్పించుకుని కవచం గోడ వెంబడి పోతుంది. ఇది ఒక్కోసారి నీరసం పొరకు ఊపునిచ్చి మేలు చేస్తుంది, ఒక్కోసారి సుడులు పెంచి కీడు చేస్తుంది. గాలి గుండ్రంగా తిరుగుతూ కూడా వస్తుంది. తాడుకు రాయి కట్టి తిప్పుతూ తాడు వదులుతూ పోతే రాయి తిరిగే వేగం తగ్గుతుంది కదా. అలాగే ఇరుసుకు దూరం పోయేకొద్దీ ఆ తిరుగుడు తగ్గుతుంది.

చాలా ఇంజన్లలో ఈ దారికి అడ్డంగా కొన్ని బోలు స్తంభాలు కూడా ఉంటాయి. అవి ఇంజను బరువు మోస్తాయి. వాటి లోపలి నుంచి బేరింగులకు నూనె గొట్టాలు పోతాయి. గాలికి తక్కువ అడ్డు కావాలని వాటిని చేప ఆకారంలో చేస్తారు.

8. ఇంజనీర్లు ఏం చేస్తున్నారు?

ఒకటి, గోడల వంపును కంప్యూటరు లెక్కలతో కొంచెం కొంచెం మార్చి చూస్తారు. రెండు, నిజం టర్బైన్లు పెట్టి పరీక్షిస్తారు. ఆస్ట్రియా దేశంలో గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రెండు టర్బైన్లు, మధ్యలో దారి పెట్టి గాలి పంపి కొలిచే పరీక్ష యంత్రం ఉంది. మూడు, గోడ మీద చిన్న చిన్న పలకలు నిలబెట్టి చూశారు. అవి నడిమి జోరు గాలిని గోడ పక్క నీరసం గాలిలో కలుపుతాయి. ఊపు లేనివాడికి ఊపు ఉన్నవాడు చెయ్యి అందించినట్టు. నాలుగు, అడ్డు స్తంభాలనే వంచి, గాలిని తర్వాతి రెక్కల మీదికి సరైన కోణంలో తిప్పే పని కూడా వాటికే అప్పగించే ఆలోచన చేశారు. అలా చేస్తే ఒక వరస రెక్కలు తగ్గి ఇంజను పొట్టి అవుతుంది.

9. మీరే చేసి చూడండి

కావలసినవి: రెండు పాత పలకలు, గుప్పెడు ఊక, పంపు దగ్గర నీరు మెల్లగా పారే కాలువ.

పలకలను కాలువలో నిలబెట్టండి. నీరు వచ్చే వైపు దగ్గరగా, పోయే వైపు బాగా ఎడంగా ఉంచండి. పైన ఊక చల్లండి. నడిమి ఊక తిన్నగా పోతుంది. పలకల పక్క ఊక ఆగి వెనక్కి తిరుగుతుంది. ఇప్పుడు ఎడం కొంచెం కొంచెం తగ్గిస్తూ రండి. ఒక దగ్గర తిరుగుడు మానేసి ఊక అంతా ముందుకే పోతుంది. ఆ కోణం కొలిచి నోటుబుక్కులో రాసుకోండి. పని అయ్యాక ఊక ఎత్తేయండి. కాలువ పూడితే వార్డెన్ మేడం మనల్నే అంటారు.

10. ఇది మనకెందుకు?

సిలబస్‌లో లేదు కదా అని కొందరు అంటారు. సిలబస్‌లో ఉన్న మాటకే షరతు చెప్పాను నేను. షరతు తెలియకుండా సూత్రం కంఠతా పడితే పరీక్షలో మార్కులు వస్తాయి, ఇంజను మాత్రం రాదు.

రెండోది, ఇంజన్లు దూరదేశంలోనే తయారవుతాయని అనుకోకండి. అరకు మీదుగా పోయే కిరండూల్ రైలు కోరాపుట్ కూడా పోతుంది. ఆ జిల్లాలోని సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ ఇంజన్ల విభాగం ఉంది. అది 1964లో ఏర్పడింది. సుఖోయ్-30 యుద్ధవిమానాల ఏఎల్-31ఎఫ్‌పి ఇంజన్లు అక్కడ తయారవుతాయి. 240 ఇంజన్ల కోసం 2024 సెప్టెంబరులో రక్షణ శాఖతో ఒప్పందం కూడా జరిగింది. యుద్ధవిమానం ఇంజనులో ఫ్యాను చిన్నది కాబట్టి రెండు టర్బైన్ల మధ్య గాలి ఎక్కే ఎత్తు తక్కువ. సూత్రం మాత్రం ఒకటే. మన కొండల వరసలోనే ఇంజన్లు కడుతున్నప్పుడు, మనలో ఒక ఆడపిల్ల అయినా అక్కడ బొమ్మ గీసే బల్ల దగ్గర కూర్చోవాలని నా కోరిక. దానికి ముందు మన లెక్కలు, మన సైన్సు గట్టిపడాలి.

ప్రశ్నలు

1. ఫ్యాను వ్యాసం 2 మీటర్లు, చుట్లు నిమిషానికి 3,000 అయితే రెక్క కొస వేగం ఎంత? ధ్వనికి ఎక్కువా, తక్కువా?
2. రెండో మలుపులో ఏ గోడ దగ్గర పీడనం తక్కువ? ఎందుకు?
3. వానాకాలంలో గెడ్డ గట్టు ఎక్కడ ఎక్కువ కోసుకుపోతుంది, మలుపు లోపలి పక్కా, బయటి పక్కా? మీ ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాయండి.

జవాబులు చీటీ మీద రాసి, పేరు, తరగతి వేసి సైన్సు మూల కింద ఉన్న అట్టపెట్టెలో వేయండి. సరైన జవాబులు వచ్చే నెల పత్రికలో రాస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని